ఒకే వరండాలో నాలుగు గుమ్మాలు

సింగపూర్‌లో ఎక్కువమంది ఉండేది ప్రభుత్వ సంస్థ హెచ్‌డీబీ కట్టిన ఫ్లాట్లలోనే. ఒక బ్లాకులో ఏ జాతివాళ్లు ఎంత శాతం మించకూడదో 1989 నుంచి అక్కడ నిబంధన ఉంది. చైనీయులది ఒక పేట, మలయ్‌లది ఒక పేట, మనది ఒక పేట అయిపోకుండా పెట్టిన కట్టడి అది. బ్లాకులో భారతీయుల కోటా నిండిందంటే, మరో భారతీయుడు అమ్మితే తప్ప అందులో మనం ఇల్లు కొనలేం. దీనివల్ల నష్టపోయేవాళ్లూ ఉన్నారు. కొనేవాళ్లు దొరక్క, తక్కువ సంఖ్యలో ఉన్న జాతులవాళ్లు ఒక్కోసారి ధర తగ్గించి అమ్ముకోవలసి వస్తుంది. అయినా చంటిపిల్లలతో వచ్చిన మాలాంటి కుటుంబాలకు ఈ నిబంధన పెద్ద మేలే చేసిందని నా నమ్మకం. అయితే ప్రభుత్వం గుమ్మాలను పక్కపక్కన పెట్టిందే కానీ, పక్కింటి తలుపు ఎలా తట్టాలో నేర్పలేదు. అది మనమే నేర్చుకోవాలి.

అద్దె ఇంటికోసం తిరిగేటప్పుడు అంత సులువుగా అనిపించదు. "ఇంట్లో వంట బాగా చేస్తారా?" అని ఏజెంటు అడుగుతాడు. అడిగేది మన పోపు గురించి. ఇండియన్లకు ఇవ్వనని ఫోన్లోనే చెప్పేసిన ఓనరు కూడా మాకు తగిలాడు. తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది. ఇలాంటి అనుభవాలయ్యాకే మనవాళ్లు చాలామంది తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే కాండోలు, అంటే ప్రైవేటు అపార్టుమెంట్లు, వెతుక్కుంటారు. వాళ్లను తప్పుపట్టను. కొత్త దేశంలో ఒంట్లో బాగోలేని రాత్రి తెలుగులో పలకరించే మనిషి దగ్గర్లో ఉండటం చిన్న సంగతి కాదు. కానీ వారమంతా ఆఫీసు, శనాదివారాలు మనవాళ్ల ఇళ్లు అని గడిపేస్తే, పిల్లలు పెరిగే ఊరు మనకు పరాయిగానే మిగిలిపోతుంది.

మా అంతస్తులో నాలుగు ఇళ్లు. ఎదుట మలయ్ పెద్దావిడ, పక్కన చైనీయ దంపతులు, చివరింట్లో రిటైరైన తమిళాయన. వరండా అందరిదీ. చెప్పులు, సైకిళ్లు, తులసి కుండీ, ఎర్ర అగరొత్తుల డబ్బా అన్నీ అక్కడే. బ్లాకు కింద గోడల్లేకుండా స్తంభాల మీద ఉండే ఖాళీ జాగాను వాయిడ్ డెక్ అంటారు. ఒక వారం అక్కడ మలయ్ పెళ్లి, మరో వారం చైనీయుల ఇంటి చావు. రెండూ చూస్తూనే మా పాప బడికి వెళ్తుంది. శవపేటిక దగ్గర కాగితపు డబ్బు ఎందుకు కాలుస్తున్నారని అడిగితే, పక్కింటావిడనే అడగమన్నాను. పోయినవాళ్లకు అక్కడ ఖర్చులుంటాయి కదా అని ఆవిడ చెప్పింది. మా తద్దినాల్లో పిండాలు పెట్టడం గురించి పాప ఆవిడకు చెప్పింది. ఇద్దరికీ సబబుగానే తోచింది.

అన్నిటికన్నా నేర్పు కావలసింది తినేది ఇచ్చిపుచ్చుకోవడంలో. చైనీయుల కొత్త సంవత్సరానికి వెళ్లినవాళ్లు రెండు కమలాపళ్లు రెండు చేతులా పట్టుకుని ఇవ్వాలి. తిరిగి వచ్చేటప్పుడు ఇంటివాళ్లు మళ్లీ రెండు పళ్లు చేతిలో పెడతారు. పొరుగింటి గిన్నె ఖాళీగా పంపని ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. మలయ్ పెద్దావిడ హలాల్ కానిది ముట్టదు. లిఫ్టు దగ్గర కలిసినప్పుడు, "మా ఇంట్లో వండింది మీకు పనికొస్తుందా?" అని నేరుగానే అడిగాను. "కూరగాయల వంటయితే నాకేం ఇబ్బంది లేదమ్మా, గిన్నెలో కాకుండా కొత్త డబ్బాలో పెట్టివ్వు" అంది. అడిగినందుకు సంతోషించింది కూడా. ఇప్పుడు ఆవిడకోసం డబ్బాలు విడిగా ఉంచుతాను.

పక్కింటి చైనీయ ఆంటీ సంగతి ఇంకా సూక్ష్మం. వాళ్ల చాంద్రమాసంలో ఒకటో రోజు, పదిహేనో రోజు ఆవిడ శాకాహారం తింటుంది. ఉల్లి, వెల్లుల్లి ఉండకూడదు. పులిహోర అయితే ఏ చిక్కూ ఉండదనుకుంటాం. కానీ చైనీయ బౌద్ధులు విడిచిపెట్టే ఐదు ఘాటు దినుసుల్లో ఇంగువ కూడా ఒకటి. మన మడి వంటలో ఉల్లి, వెల్లుల్లి లేని లోటు తీర్చేది ఆ ఇంగువే. అందుకని ఉగాదికి చింతపండు గుజ్జు కలిపాక అన్నాన్ని రెండు పళ్లాల్లోకి తీస్తాను. ఒకదానికి ఆవాలు, శనగపప్పు, ఎండుమిర్చి, కరివేపాకు వేయించి పోపు. రెండోదానికి అదే పోపు, దించేముందు చిటికెడు ఇంగువ. ఇంగువ లేనిదానికి పచ్చి అల్లం తురిమి కలిపితే రుచి నిలబడుతుంది. పని పెద్దగా పెరగదు.

బడిలో జూలై 21న జాతుల సామరస్య దినం చేస్తారు. 1964లో అదే తేదీన మలయ్‌లకూ చైనీయులకూ మధ్య ఇక్కడ అల్లర్లు చెలరేగాయి. ఆ రోజు పిల్లలు తమ ఇళ్ల సంప్రదాయ దుస్తులు వేసుకుని వస్తారు. పట్టులంగాల ఫొటోల సంబరంలో ఆ సంవత్సరం సంగతి పిల్లలకు చెప్పడం పెద్దలు మరిచిపోకూడదు. ఎదురింటి పెద్దావిడ అప్పటికి చిన్నపిల్ల. కర్ఫ్యూ రోజుల్లో చైనీయ పొరుగువాళ్లు తలుపు సందులోంచి బియ్యం అందించారని మా పాపకు చెప్పింది ఆవిడే.

ఇప్పుడు మా ఇంట్లో చర్చంతా ఒకటో తరగతి గురించి. ఇక్కడి బడిలో ఇంగ్లీషుతోపాటు మాతృభాష ఒకటి చదవాలి. తమిళం ఉంది. హిందీ, బెంగాలీ, గుజరాతీ, పంజాబీ, ఉర్దూ కూడా ఉన్నాయి. తెలుగు లేదు. అది మనసుకు కష్టంగానే ఉంది. తెలుగు ఇంట్లో మేమే నేర్పుకోవాలి, నేర్పుతాం కూడా. రేపు ఇండియా వెళ్లినా పనికొస్తుందని బంధువులు హిందీ తీసుకోమంటున్నారు. మేం తమిళం తీసుకుంటున్నాం. చివరింటి తాతగారు సాయంత్రాలు పాపను పక్కన కూర్చోబెట్టుకుని తమిళ పత్రికలో పెద్దక్షరాల శీర్షికలు చదివిస్తున్నారు. ఆయనకు తోడు కావాలి, పాపకు కథలు కావాలి. ఫారంలో ఏది రాయాలో తేల్చుకోవడానికి మాకు అది చాలింది.