ఇజాబా షేగో నవల ‘అదువా’: వలస పాలన వారసత్వంపై విమర్శనాత్మక పరిశీలన

1. చారిత్రక నేపథ్యం

ఇటలీ పాలన తమకు ఏం మిగిల్చింది అనే విషయంలో సోమాలీల మధ్య నేటికీ ఏకాభిప్రాయం లేదు. ఇటాలియన్లు రోడ్లు వేశారు, పంటకాలువలు తవ్వించారు, కార్యాలయాలు నడిపే పద్ధతి నేర్పారు అన్నది ఒక వాదన. ఆ కాలువలు తవ్వినది ఎవరి చేతులు అన్నది దానికి ఎదురు ప్రశ్న. 1920లో ఇటలీ రాజవంశీయుడైన అబ్రూజ్జి డ్యూక్ షెబెల్లీ నదీ తీరంలో పెద్ద వ్యవసాయ సంస్థను స్థాపించాడు. తర్వాత ఫాసిస్టు పాలనలో జెనాలే ప్రాంతపు తోటలు వెట్టిచాకిరీపై నడిచాయి. ఉత్తరాది సుల్తానుల రాజ్యాలను 1925-27 మధ్య సైనిక బలంతో లొంగదీసుకున్నారు.

1941లో ఈ ప్రాంతం బ్రిటిష్ సైన్యం చేతికి వచ్చింది. 1948 జనవరిలో ప్రజాభిప్రాయం తెలుసుకోవడానికి నాలుగు అగ్రరాజ్యాల సంఘం మొగదిషుకు వచ్చింది. సోమాలీ యూత్ లీగ్ ఇటలీ తిరిగి రావడాన్ని వ్యతిరేకించగా, మరికొన్ని సోమాలీ బృందాలు సమర్థించాయి. జనవరి 11న జరిగిన ఘర్షణల్లో యాభై మందికి పైగా ఇటాలియన్లు, పలువురు సోమాలీలు చనిపోయారు. అయినా 1950 నుంచి 1960 వరకు ఐక్యరాజ్యసమితి ధర్మకర్తృత్వం కింద పాలన మళ్లీ ఇటలీకే దక్కింది. అంటే ఈ వివాదం స్వాతంత్ర్యానికి ముందే మొదలైందని విద్యార్థులు గమనించాలి.

2. నవలా నిర్మాణం

ఇజాబా షేగో 1974లో రోమ్‌లో సోమాలీ దంపతులకు జన్మించిన రచయిత్రి. ‘అదువా’ 2015లో ఇటాలియన్ భాషలో వెలువడింది. ఇందులో కథనం మూడు రీతుల్లో సాగుతుంది. సినిమా తార కావాలని 1970లలో రోమ్ చేరి మోసపోయిన అదువా, ఒక కూడలిలోని రాతి ఏనుగుతో తన గోడు చెప్పుకుంటుంది. తండ్రి జొప్పె కూతురిని మందలించే మాటలు మరికొన్ని అధ్యాయాలు. 1930లలో ఇటాలియన్లకు దుబాసీగా పనిచేసిన జొప్పె గతం మూడవది. తండ్రీకూతుళ్లు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకోరు. ఒక తరం మౌనం మరో తరానికి భారంగా మారిన తీరును ఈ నిర్మాణమే చెబుతుంది.

3. విమర్శ

ఈ నవల బలం దుబాసీని కేంద్రంలో నిలపడంలో ఉంది. కంపెనీ కాలపు మద్రాసు దుబాసీల గురించి చదివిన తెలుగు పాఠకుడికి ఈ పాత్ర కొత్త కాదు. జొప్పెకు భాషే జీవనాధారం. అదే భాష ఇథియోపియాపై దండయాత్రకు సిద్ధమవుతున్న ఇటలీకి పనిముట్టు అయింది. రోమ్ జైలులో ఫాసిస్టులు అతన్ని చితకబాదారు. అతడు బాధితుడా, సహకరించినవాడా? రచయిత్రి ఏదో ఒకటే నిజమని తేల్చదు. ఇటలీ మేలు చేసిందా, కీడు చేసిందా అన్న వాదం ఇక్కడ రూపం మార్చుకుంటుంది. అందిన ప్రతి మేలుకు ఎవరు, ఏ మూల్యం చెల్లించారన్నదే అసలు ప్రశ్న అవుతుంది.

పేరులోనూ ఇదే వైరుధ్యం ఉంది. 1896లో అద్వా వద్ద ఇథియోపియా చేతిలో ఇటలీ ఓడిపోయింది. ఇటలీకి సేవ చేసిన మనిషి ఆ ఓటమి జరిగిన చోటి పేరునే కూతురికి పెట్టాడు. తాను చేయలేని తిరుగుబాటును ఆమె పేరులో దాచుకున్నాడని చెప్పవచ్చు.

సముద్రం దాటి వచ్చిన యువ శరణార్థిని అదువా పెళ్లాడుతుంది. అలా పడవల్లో వచ్చినవారికి ‘టైటానిక్’ అని, అదువా వంటి పాతతరం వలసదారులకు ‘పాత లీరా’ అని ఎగతాళి పేర్లు. ఒకే గతానికి వారసులైనవారు పరాయి నగరంలో ఒకరినొకరు చిన్నచూపు చూసుకోవడం కూడా ఆ వారసత్వంలో భాగమే.

4. పరిమితి

ఈ నవలలో వినిపించేది ప్రధానంగా చదువు, భాష తెలిసిన కుటుంబం గొంతు. షెబెల్లీ తీరపు తోటల్లో వెట్టి చేసినవారిలో చాలామంది పూర్వపు బానిసల సంతతి. సోమాలీ సమాజం కూడా వారిని తక్కువగా చూసింది. వారు ఈ కథకు కేంద్రం కాలేదు. దుబాసీ ద్వంద్వస్థితి ఎంత లోతైనదైనా, కూలీవాడి అనుభవానికి అది బదులు కాదు. ఇది నవల విలువను తగ్గించదు కానీ, దీని ఆధారంగా సోమాలీలందరి తరఫున తీర్పు చెప్పలేమని గుర్తుంచుకోవాలి.

5. సారాంశం

వారసత్వం అంటే భవనాలు, రోడ్లు మాత్రమే కాదు. పాస్తాను సోమాలీలు నేటికీ ‘బాస్తో’ అంటారు. షేగో తన నిరసనను రాసిందీ ఇటాలియన్‌లోనే. పాలకుడి భాషలోనే పాలకుణ్ణి నిలదీయడం ఈ నవల సాధించిన విజయం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. జొప్పె పాత్రలోని ద్వంద్వస్థితిని వివరించండి.
2. ‘అదువా’ అన్న పేరుకు నవలలో ఉన్న ప్రాధాన్యం ఏమిటి?
3. ఇటలీ పాలన వారసత్వంపై తీర్పు చెప్పడానికి ఈ నవల ఒక్కటే ఎందుకు చాలదు?