నిలబడి కునుకు తీసే కాలు

గుర్రం వెనక కాలి గొప్పతనమంతా పరుగులోనే ఉందంటారు. పరుగు గొప్పదే. కానీ ఆ కాలి పనితనం నన్ను ఎక్కువగా కట్టిపడేసేది గుర్రం కదలకుండా నిలుచున్నప్పుడు. ఒక వెనక కాలి గిట్టను కొసమీద ఆనించి, తుంటిని ఓ పక్కకు జార్చి, రెండో వెనక కాలిమీద బరువు మోపి అది కునుకు తీస్తుంది. నాలుగైదు వందల కిలోల ఒళ్ళు. నిద్రమత్తులోనూ ఆ కాలు మడత పడదు. కాసేపటికి కాలు మార్చుకుని మళ్ళీ కళ్ళు మూస్తుంది. గాఢనిద్రకు ఎలాగూ నేలమీద పడుకోవాల్సిందే గానీ, మిగిలిన విశ్రాంతి చాలావరకు ఇలా నిలబడే గడిచిపోతుంది.

ముందుగా ఏ కీలు ఎక్కడుందో చూసుకోవాలి. మోకాలు పొట్ట అంచు దగ్గర, చర్మం మాటున ఉంటుంది. కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చి కనిపించేది మడమ. మడమ నుంచి కిందికి దిగే పొడవాటి ఎముక మన పాదంలో మధ్యవేలి వెనకుండే ఎముకే. దాని రెండు పక్కలా అతుక్కుని ఉన్న సన్నని ఎముకలు ఒకప్పటి వేళ్ళ ఆనవాళ్ళు. గుర్రం ఒక్కో కాలికి ఒక్క వేలికొస మీదే నిలబడుతుంది. ఆ వేలి గోరే గిట్ట. మడమకు దిగువన చెప్పుకోదగ్గ కండ లేదు, అంతా ఎముక, స్నాయువు, చర్మమే. బరువైన కండలన్నీ పైన, పిరుదులోనూ తొడలోనూ ఉన్నాయి. కింది భాగం తేలికైతే కాలు విసరడానికి అంత శ్రమ ఉండదు.

ఇక అసలు కిటుకు మోకాలి దగ్గర ఉంది. తొడ ఎముక కింది కొసన, ముందువైపు, రెండు గట్లుంటాయి. వాటి మధ్య గాడిలో మోకాలిచిప్ప పైకీ కిందికీ జారుతుంది. ఆ రెంటిలో లోపలి గట్టు పెద్దది, పైకొస ముక్కులా ఉబ్బి ఉంటుంది. చిప్పను కిందనున్న ఎముకతో కలిపే బంధనాలు మూడు. లోపలి బంధనం, చిప్ప, దానికి అంటుకున్న మృదులాస్థి కలిసి ఒక ఉచ్చులా ఏర్పడతాయి. విశ్రాంతి కావాలనుకున్నప్పుడు గుర్రం చిప్పను పైకి లాగి, కాస్త లోపలికి తిప్పుతుంది. చిలకకొయ్యకు సంచి తగిలించినట్టు ఆ ఉచ్చు గట్టు ముక్కుకు తగులుకుంటుంది. ఇక మోకాలు వంగదు. తొడ ముందుభాగపు కండ ఏ కొంచెమో పట్టి ఉంచితే సరిపోతుంది. నడవాలనుకున్నప్పుడు చిప్పను మళ్ళీ కొద్దిగా ఎత్తి బయటివైపు జరిపితే కొలికి ఊడుతుంది.

మోకాలు బిగిస్తే సరే, మరి మడమ సంగతేమిటి? అది వంగితే కాలు కూలిపోదా? ఇక్కడే నాకు చెప్పలేనంత ముచ్చటేస్తుంది. మోకాలి పై నుంచి మడమ వైపుకు కాలి ముందుభాగాన ఒక స్నాయువు, వెనకభాగాన మరొకటి దిగుతాయి. ముందుది పేరుకే కండరం, గుర్రంలో అది పూర్తిగా స్నాయువైపోయింది. వెనకదీ దాదాపు అంతే. రెండూ పెద్దగా సాగవు. కాబట్టి మోకాలు వంగితే మడమ వంగి తీరాలి, మోకాలు చాచుకుంటే మడమా చాచుకోవాలి. ఒక కీలును బిగిస్తే రెండోది దానంతటదే బిగుసుకుంటుంది. దిగువన, గిట్టకు పైనున్న కీలు నేలకు కుంగిపోకుండా ఎముక వెనకాల మరో గట్టి పట్టీ మోస్తుంది. అదీ ఒకనాటి కండరమే. కండ అలసిపోతుంది, రక్తాన్నీ ఆహారాన్నీ ఎక్కువగా అడుగుతుంది. స్నాయువుకు ఆ బెడద తక్కువ.

ఇంగ్లండు చిత్రకారుడు జార్జ్ స్టబ్స్ 1750లలో లింకన్‌షైర్‌లోని ఒక పల్లెలో మకాం వేసి, చచ్చిన గుర్రాలను నిలుచున్న భంగిమలోనే వేలాడదీసి, పొర తరువాత పొర ఒలుస్తూ బొమ్మలు గీశాడు. రాగిరేకుల మీద తానే చెక్కి 1766లో అచ్చు వేయించాడు. కాలిని బరువు మోసే తీరులో చూడాలన్న ఆ పట్టుదలకు నేను దండం పెడతాను.

తుంటి దగ్గరా ఒక విశేషముంది. పొట్ట గోడ నుంచి వచ్చే ఒక అదనపు బంధనం తొడ ఎముక తలను పట్టి ఉంచి, కాలు పక్కకు బాగా చాచుకోకుండా ఆపుతుంది. ఆవుకు అది లేదు. గుర్రం ఎక్కువగా వెనక్కి తన్నడానికీ, ఆవు పాలు పితికేవాళ్ళను పక్కకు తన్నగలగడానికీ ఇదొక కారణం.

ఇంత నేర్పుగల అమరిక చెడితే ఎలా ఉంటుందో పశువైద్యులకు తెలుసు. మోకాలిచిప్ప గట్టు మీద ఇరుక్కుపోవడం మన పల్లెల్లో ఎడ్లకూ ఆవులకూ తరచుగా వచ్చే బాధ. కాలు వెనక్కి బిగుసుకుపోయి, గిట్ట నేలను రాసుకుంటూ, ఉన్నట్టుండి ఎగిరిపడుతుంది. మత్తుసూది వేసి, చిన్న గాటుతో లోపలి బంధనాన్ని తెంచితే చాలావరకు పశువు వెంటనే సాఫీగా నడుస్తుంది. గుర్రానికి మడమ ముందున్న స్నాయువు తెగితే మరో వింత కనిపిస్తుంది. కాలు ఎత్తి పట్టుకుంటే మోకాలు వంగే ఉంటుంది, మడమ మాత్రం తిన్నగా చాచుకుంటుంది. ఆరోగ్యంగా ఉన్న కాలిలో అలా చేయడం ఎవరి తరమూ కాదు. కొన్ని నెలలు కొట్టంలోనే కట్టి ఉంచి విశ్రాంతి ఇస్తే, చాలా గుర్రాలలో ఆ తెగినది మళ్ళీ అతుక్కుంటుంది.