ఫోర్టిన్‌బ్రాస్‌ను తీసేయకండి

పెద్ద నాటకాన్ని కుదించేటప్పుడు దర్శకుడి కత్తెర ముందు చిన్న పాత్రల మీద పడుతుంది. ‘హామ్లెట్’ పూర్తిగా ఆడితే నాలుగు గంటలు. కోత తప్పదు. ఆ కోతకు తరచూ బలయ్యేది నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్. అతను రంగం మీదికి వచ్చేది రెండే రెండు సార్లు, తీసేసినా కథ తెగదు. కానీ అతను లేని ప్రదర్శన చూసినప్పుడల్లా నన్ను ఒకే ప్రశ్న వేధిస్తుంది. రాజకుటుంబం నాశనమైంది, సరే, డెన్మార్క్ ఏమైంది?

షేక్‌స్పియర్ ఈ నాటకాన్ని కొలువుకూటంలో మొదలుపెట్టలేదు. అర్ధరాత్రి చలిలో, కోట బురుజు మీద కాపలా మారుతున్న సిపాయిలతో మొదలుపెట్టాడు. చనిపోయిన రాజు దయ్యమై ఒకసారి కనిపించి మాయమవుతాడు. అది మళ్లీ వచ్చేలోపు మార్సెలస్ అనే కాపలావాడు అడుగుతాడు: రాత్రుళ్లు ఇంత పహరా ఎందుకు? రోజూ ఫిరంగులు పోత పోయడం ఎందుకు? ఓడలు కట్టేవాళ్లకు ఆదివారమైనా తీరిక లేదెందుకు? హామ్లెట్ మిత్రుడు హొరేషియో కారణం చెబుతాడు. పాత రాజు ద్వంద్వయుద్ధంలో నార్వే రాజును చంపి కొంత భూమి గెలిచాడు. ఆ చచ్చినవాడి కొడుకు ఇప్పుడు దాన్ని లాక్కోవడానికి మనుషుల్ని పోగుచేస్తున్నాడు.

అప్పటికి హామ్లెట్ రంగం మీదికే రాలేదు. పాత రాజుది హత్య అని ఆ సిపాయిలకు తెలియదు. ఓడ పనివాడి ఆదివారం మాత్రం అప్పుడే పోయింది. దేశం మీద పడిన భారాన్ని చూపడానికి షేక్‌స్పియర్‌కు యుద్ధరంగం అక్కర్లేకపోయింది, సెలవు లేదన్న ఒక్క మాట చాలింది. నాటక రచనలో ఇంతకు మించిన నేర్పు నేను చూడలేదు.

నడుమ, మంత్రి పొలోనియస్ కొడుకు లేర్టిస్ తిరుగుబాటు ఉంది. అతణ్ణే రాజుని చేయాలని జనం కేకలు వేస్తూ కోట తలుపులు బద్దలు కొడతారు. కొత్త రాజు మీద వాళ్లకున్న నమ్మకం ఏపాటిదో అక్కడే తేలిపోతుంది. ఆ తర్వాత, పాత రాజు నార్వేను గెలిచిన రోజే తాను ఈ పనిలో చేరానని శ్మశానంలో గోతులు తవ్వేవాడు చెబుతాడు. ముప్పై ఏళ్ల కిందటి మాట. హామ్లెట్ పుట్టిందీ ఆ రోజే.

ఇవన్నీ ఉంటేనే చివరి రంగానికి బరువు. రాజు, రాణి, లేర్టిస్ కూలిపోయాక, కొనఊపిరితో ఉన్న హామ్లెట్ సింహాసనానికి ఫోర్టిన్‌బ్రాస్ పేరు చెబుతాడు. తండ్రి కత్తితో గెలిచింది కొంత నేల. కొడుకు కాలంలో దేశమంతా కత్తి దూయకుండానే ఆ నార్వే ఇంటికి పోయింది. ఫిరంగులు పోసినవాళ్లను అడిగినవాడు లేడు.

1948లో లారెన్స్ ఒలివియర్ తన సినిమాలో ఈ పాత్రను పూర్తిగా తీసేశాడు. ఆ సినిమా అందమైనదే, నాకిష్టం కూడా. కానీ అందులో మిగిలింది ఒక కుటుంబం, ఒక కొడుకు దుఃఖం. 1964 నాటి కోజింత్సెవ్ రష్యన్ సినిమాలో రాజప్రకటనలు వినే జనం కనిపిస్తారు, చివర ఫోర్టిన్‌బ్రాస్ వస్తాడు. అక్కడ కోట చుట్టూ దేశం ఉంది.

నిడివి తగ్గించక తప్పని కుర్ర దర్శకులకు నేను చెప్పేదిదే. రెండో అంకంలో బాలనటుల గురించిన చర్చ తీసేయండి, పొలోనియస్ ఉపన్యాసాలు తగ్గించండి. మార్సెలస్ ప్రశ్నలు మాత్రం ఉంచండి. ఫోర్టిన్‌బ్రాస్ వేషం ఖాళీగా ఉన్న కుర్రాడికి కాకుండా, మీ బృందంలో గట్టి నటుడికి ఇవ్వండి.