టిక్కెట్టు మిషను పట్టిన చెయ్యి

నెల్లూరు నుంచి ఆత్మకూరు పోయే పల్లెవెలుగు బస్సు బుచ్చి దాటేసరికి నిలబడ్డానికీ చోటుండదు. ఆ రద్దీలో కండక్టరు ఎడమచేతిలో టిక్కెట్టు మిషను, వేళ్ల సందుల్లో నిలువుగా మడిచిన నోట్లు.

"యాడికి పెద్దమ్మా?"

"సంగానికి నాయనా."

చూపు ఆమె మొహం మీదే ఉంటుంది, బొటనవేలు తన పని తాను చేసుకుపోతుంది. వేడికి నల్లబడే కాగితం గనుక సిరా అక్కర్లేదు. గరగరమంటూ టిక్కెట్టు బయటికొస్తుంది. ఎంత సాధన ఉంటే ఆ వేలికి ఆ నేర్పు వస్తుంది!

సంగం స్టాపులో టీ తాగుతూ ఇద్దరు కండక్టర్లు ఈ మిషను గురించే వాదించుకుంటుంటే విన్నాను. పెద్దాయనకు మీటలే కావాలి. చీకట్లో తడిమి కొట్టొచ్చు, చెమట వేలికైనా పలుకుతాయి. "ఫోన్‌లో డబ్బులేసేవాళ్లకి క్యూఆర్ చూపించాలి గదన్నా, తెర పెద్దదుండాల" అన్నాడు కుర్రాయన. నా ఓటు మీటలకే. మూలలు గుండ్రంగా, పట్టీ గట్టిగా ఉండాలన్న దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట.

ఆ మాటలు వింటుంటే ఇంకో చేతికంప్యూటరు గుర్తొచ్చింది. బెంగళూరు ఐఐఎస్‌సీ ఆచార్యులు పల్లెజనం కోసం తలపెట్టిన సింప్యూటర్ 2004లో అమిడా పేరుతో అమ్మకానికొచ్చింది. మనిషికో స్మార్ట్‌కార్డు, పదిమందికీ ఒకే యంత్రం అన్నది గొప్ప ఆలోచన. అది పల్లెల్లో నిలదొక్కుకోలేదు. పల్లెపల్లెకూ తిరిగే చేతికంప్యూటరును నేను చూసింది కండక్టరు దగ్గరే.

పెద్దాయన మిషనుకు బ్యాటరీ మూత ఊడకుండా రబ్బరుబ్యాండు రెండు చుట్లు చుట్టి ఉంది. హారన్ మోగింది. గ్లాసు పెట్టేసి, పట్టీ మణికట్టుకు తగిలించుకుని, కాగితం చుట్ట ఎంత మిగిలిందో చూసుకుని ఆయన బస్సెక్కాడు.