సంతకం దాకానే చదువా?

మా మేనత్తది ఇచ్చోడ దగ్గర ఊరు. పత్తి ఏరుతుంది, పొదుపు సంఘంలో ఉంది, పేరు రాయడం వచ్చు. కొన్నేళ్ళ కింద ఒకరోజు కిస్తీ కట్టమని ఇంటికొచ్చి అడిగారు. ఆమె తీసుకోని అప్పు అది. తీర్మానాల పుస్తకం తెరిచి చూస్తే సంతకం మాత్రం ఆమెదే. "పేరు రాయమన్నరు, రాసిన. పైన ఏం రాసిండ్రో నాకేమెరుక బిడ్డా" అంది. వేలిముద్ర వేసే రోజుల్లోనైతే ఇదేం కాయితమని పక్కవాళ్ళను అడిగేదట. సంతకం నేర్చుకున్నాక అడగడానికి సిగ్గయ్యిందట.

అప్పటికి నేను సాహిత్యంలో డాక్టరేటు పూర్తిచేసి ఉన్నాను. కథల్లో, నవలల్లో చదువుకున్న నాయికల గురించి వందల పేజీలు చదివాను, కొన్ని రాశాను కూడా. వయోజన విద్య వాచకాన్ని మాత్రం ఒక రచనగా ఎన్నడూ చేతిలోకి తీసుకోలేదు. లక్షలమంది ఆడవాళ్ళు పట్టుకున్న మొదటి పుస్తకం అదే. చాలామందికి ఆఖరి పుస్తకం కూడా అదే. దాన్ని విమర్శకు తగని సర్కారీ కాయితంగా చూడటంలో మన చదువుల గర్వం ఉందేమో ఆలోచించుకోవాలి.

1988లో జాతీయ సాక్షరతా మిషన్ వచ్చింది. మూడు వాచకాలు, సుమారు 200 గంటల చదువు దాని పద్ధతి. నేను చూసిన వాచకాల్లో పాఠాలన్నీ దాదాపు ఒకే గొంతుతో మాట్లాడతాయి. నీళ్ళు కాచి తాగాలి, పిల్లలకు టీకాలు వేయించాలి, చిన్న కుటుంబం ఉండాలి, డబ్బు దాచుకోవాలి. చెప్పేవి మంచి మాటలే. అయితే ఆ 'ఆలి' వెనక నిలబడి మాట్లాడేది ఎవరు? వింటున్నది ఎవరు? ముప్పై ఏళ్ళు సేద్యం చేసి, పిల్లల్ని పెంచి, అప్పులు తీర్చిన మనిషికి ఏమీ తెలియదన్నట్టు మాట్లాడే వాచకం ఆమెను విద్యార్థిగా కాదు, తప్పు చేస్తున్న గృహిణిగా చూస్తుంది.

వాచకం ఇలాగే ఉండాలని లేదు. నెల్లూరు అనుభవం మన ముందుంది. అక్కడి సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమంలో తాగుడు వల్ల చితికిన సీతమ్మ కథ పాఠమైంది. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం చదివి ఊరుకోలేదు. ఊళ్ళో సారా దుకాణాన్ని ఆపించారు. వాళ్ళ గెలుపు 'ఆడవాళ్ళు ఏకమైతే' అనే మరో పాఠమై, మిగిలిన ఊళ్ళ ఆడవాళ్ళ చేతికి వెళ్ళింది. ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబర్ 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని 1997లో ఎత్తేశారన్నదీ మరవకూడదు. నాకు ఇక్కడ ముఖ్యమనిపించేది వేరు. ఆ పుస్తకంలో చదివేవాళ్ళ బతుకు ఉంది. రాత్రిపూట ఆడవాళ్ళు ఒకచోట కూచుని మాట్లాడుకోవడానికి ఆ చదువు ఒక సాకు ఇచ్చింది. చదివినవాళ్ళే తర్వాతి పాఠం అయ్యారు.

మా దగ్గరికొస్తే ఇంకో చిక్కు ఉంది. ఇచ్చోడ అంగడిలో నిలబడితే గోండి, లంబాడి, మరాఠీ, ఉర్దూ, తెలుగు అన్నీ వినిపిస్తాయి. వాచకం మాత్రం తెలుగు, అదీ మా తెలుగు కాదు. దీనికి జవాబు ఎనభై ఏళ్ళ కిందే ఈ అడవుల్లో దొరికింది. కుమురం భీం పోరాటం తర్వాత నిజాం ప్రభుత్వం పంపిన మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్, 1943లో జైనూరు దగ్గర మార్లవాయిలో శిక్షణ కేంద్రం పెట్టించారు. దేవనాగరి లిపిలో గోండి వాచకాలు తయారయ్యాయి. కాస్త మరాఠీ చదువు తెలిసిన గోండులు పంతుళ్ళయ్యారు. సొంత భాషలో చదువు, చదువు చివర కొలువు. ఈ రెంటినీ కలిపిన ప్రయత్నంగా దాన్ని గౌరవిస్తాను. అయితే మొదటి జట్టులో పంతుళ్ళైనవాళ్ళు మగవాళ్ళే. ఆ గోండు స్త్రీలకు చదువు చివర ఏ కొలువు ఉండేదని అడిగినవాళ్ళు లేరు.

ఆ ప్రశ్న ఇవాళ్టికీ అలాగే ఉంది. 2009లో మొదలైన సాక్షర భారత్ ముఖ్యంగా స్త్రీల కోసమే అన్నారు. 2018 మార్చితో అది ఆగిపోయింది. పరీక్ష రాసినవాళ్ళకు అక్షరాస్యులని సర్టిఫికెట్ వచ్చింది. ఆ సర్టిఫికెట్ చూసి కొలువిచ్చేదెవరు? ఓపెన్ స్కూల్లో పదో తరగతికి వయసు అడ్డు కాదు. కానీ సంతకం దగ్గరినుంచి పదో తరగతి దాకా నడిపించే మెట్లు ఊళ్ళో లేవు. అంగన్‌వాడీ కొలువు ఆ మెట్ల పైనే ఉంది. కింద మిగిలినవాళ్ళకు ఉపాధి శిక్షణ అంటే కుట్టుమిషను, పచ్చళ్ళు, అగరుబత్తీలు. ఇంటి పనినే కాస్త సాగదీసి ఉపాధి అంటున్నాం. ట్రాక్టరు రిపేరో, పత్తి కాంటా లెక్కో ఆడవాళ్ళకు నేర్పుదామన్న ఆలోచన అరుదు.

2011 జనాభా లెక్కల్లో అప్పటి ఆదిలాబాద్ జిల్లాలో అక్షరం వచ్చిన స్త్రీలు సుమారు 51 శాతం. మా మేనత్త ఆ 51లోనే ఉంటుంది. ఆమెను మోసం చేసిన కాయితం మీద ఉన్నది ఆ అక్షరమే. అందుకే ఆ అంకె పెరిగిందని సంబరపడలేను.

వాచకం మళ్ళీ రాయాలంటే ఆమె చేతిలోని కాయితాలతోనే మొదలుపెట్టాలి. పత్తి అమ్మినప్పుడిచ్చే తక్‌పట్టీ, పట్టా పాసుబుక్కు, బ్యాంకు పుస్తకం, సంఘం తీర్మానం. 'ఇది చదివి వినిపించండి, అర్థమయ్యాకే సంతకం పెడతా' అనే వాక్యం మొదటి పాఠంలోనే ఉండాలి. అది గోండిలోనూ, లంబాడీలోనూ ఉండాలి.

పోయినసారి వెళ్ళినప్పుడు అత్తకు తీర్మానాల పుస్తకం చదివి వినిపించాను. రెండు పేజీలు విని ఆపమంది. "నువ్వు పట్నం పోతవ్. రేపు ఎవలు సదువుతరు? గీ అప్పు అన్న మాట ఎట్లుంటదో గది సూపియ్యి ముందు" అంది. ఆ రాత్రి ఇద్దరం 'అప్పు', 'జామీను', 'కిస్తీ' అనే మూడు మాటలే చదివాం.