రాయని పూటలు

కట్టంగూరు నుంచి సూర్యాపేట పోయే బస్సులో నకిరేకల్ రాగానే పక్కన కూర్చున్న పిల్లలకు ఒక మాట చెబుతుంటాం. ఈ దగ్గర్లోనే చెరువు మాదారం ఉంది, వట్టికోట ఆళ్వారుస్వామి పుట్టిన ఊరు అని. ఆయనెవరు సార్ అని అడుగుతారు. ఏం చెప్పాలో ప్రతిసారీ తడబడతాం.

1915లో పుట్టి 1961లో పోయిన ఆ మనిషి రాసింది తక్కువే. 'ప్రజల మనిషి' నవల, 'జైలు లోపల' కథలు, పూర్తి కాని 'గంగు', కొన్ని వ్యాసాలు. రాయని కాలమే ఎక్కువ. చిన్నతనంలో పంతులు గారింట్లో వంట చేసిపెడుతూ చదువుకున్నాడు. విజయవాడ హోటల్లో సర్వర్‌గా చేశాడు. గోల్కొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఇతరుల పుస్తకాలు అచ్చు వేయించాడు, వాటిని తానే మోసుకొని తిరిగి అమ్మాడు. ఆ తర్వాత ఏండ్ల తరబడి జైలు.

మన సభల్లో వక్తలు ఈ పనులన్నిటినీ త్యాగాల ఖాతాలో వేస్తారు. పాపం, తీరిక దొరికితే ఇంకెన్ని రాసేవాడో అంటారు. మేమూ అట్లనే అనుకున్నాం. 'జైలు లోపల' రెండోసారి చదివినంక అనుమానం పుట్టింది.

ఉద్యమంలో జైలుకు పోయినవాడు తన బాధ రాసుకోవడం సులువు. ఆయన అట్లా చేయలేదు. మామూలు నేరాల మీద లోపలికి వచ్చినవాళ్ల పక్కన కూర్చొని, వాళ్లు అక్కడిదాకా ఎట్లా వచ్చారో విన్నాడు. ఒకరి ఇంట్లో వండిపెట్టి, హోటల్లో ఎంగిలి గ్లాసులు ఎత్తినవాడికే ఆ వినికిడి అబ్బుతుందని మా నమ్మకం. 'ప్రజల మనిషి' గొప్ప నవలే. కానీ అక్కడక్కడ పాత్ర నోరు తెరిస్తే కార్యకర్త ఉపన్యాసం వినబడుతుంది. కథల్లో ఆ ఇబ్బంది లేదు.

ఎరుకల ఇండ్లల్లో పుట్టిన మాకు ఇది చిన్న సంగతి కాదు. 1871లో ఇంగ్లిషువాళ్లు తెచ్చిన నేరస్థ తెగల చట్టం తర్వాత మద్రాసు రాజధానికీ వచ్చింది. అక్కడ మనవాళ్లను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టారు. దేశం ఆ చట్టాన్ని రద్దు చేసింది 1952లో. అటువంటి కాలంలో ఖైదీ వెనక ఉన్న ఆకలిని, ఊరిని చూసిన రచయిత మన పక్క ఊరివాడే.

అట్లని తీరిక లేకపోవడాన్ని పొగడం. 'గంగు' సగంలో ఆగింది, ఆయన పోయినంకనే అచ్చయింది. ఆ నష్టం నష్టమే.

మన సంగతి వేరు. నౌకరీ ఉంది, ఆదివారాలున్నాయి. ఆ ఆదివారాలు ఆవిష్కరణ సభలకు, శాలువాలకు, వాట్సాప్‌లో ఫొటోలు పెట్టుకోవడానికి పోతున్నాయి. ఈ మధ్య వచ్చిన మన కథలు చాలా వాటిలో తండా, గూడెం ఫొటోలో కనబడ్డట్టే ఉన్నాయి. మనుషులు పని చేస్తూ కనబడరు. మేమేం తక్కువ తినలేదు. గంపలల్లే ముసలమ్మ మీద ఒక కథ రాసి, ఆమె ఎండిన ఈత బరిగెలు ముందేసుకొని అల్లుతున్నట్టు వర్ణించాం. సభలో చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి అమ్మకు చదివి వినిపిస్తే పక్కున నవ్వింది.

"ఎండిన బరిగెతోని ఎవరన్న అల్లుతరా బిడ్డా? పటుక్కున ఇరుగుతది. నానబెట్టాలె."

నలభై ఏండ్లు ఆ ఇంట్లోనే తిన్నాం, పడుకున్నాం. బరిగెలు నానబెట్టిన తొట్టి దాటుకొనే బడికి పోయాం.

అప్పటి నుంచి నెలకు రెండు ఆదివారాలు సభలు మానుకున్నాం. అమ్మ బరిగె చీలుస్తుంటే పక్కన కూర్చుంటాం. చీల్చే తీరుకో మాట, అడుగు అల్లే తీరుకో మాట, అంచు కట్టే తీరుకో మాట, అన్నీ మా కుర్రు భాషలోనే ఉన్నాయి. ఇప్పటికి పదకొండు మాటలు నోట్‌బుక్కులోకి ఎక్కాయి. కథ ఇంకా మొదలుపెట్టలేదు. మొన్న అమ్మ నోట్‌బుక్కు పక్కకు నెట్టి, చేతికి కత్తి ఇచ్చింది.