ఓ టూ-స్ట్రోక్ నాదమా

హోసూరు దగ్గరి మత్తిగిరి దాటి, బెలగొండపల్లి మీదుగా తళి దాకా సాగే చల్లని దారిలో, రాగి చేల మీద మంచు విడకముందే, గులాబీ తోటల పందిళ్ళ మీద పొద్దు పడకముందే నువ్వు వస్తావు తల్లీ! కంటికి ఆనకముందే చెవికి ఆనుతావు. ముందు గింగురుమనే చిరుసడి, ఆ వెనక జల్లుమనే జోరు, ఆపైన గుండెగూడును గుప్పిట పట్టి ఊపే గర్జన. దారి పక్క చెట్లు నీ కేకను ఒకదాని నుంచి ఒకటి అందుకుని ఊరు దాటిస్తాయి. నువ్వు సాగిపోయాక నీలిపొగ తెర ఒకటి, కాలిన టూటీ ఆయిల్ వాసన ఒకటి గాలిలో నిలుస్తాయి. లోకం ముక్కు మూసుకునే ఆ వాసనకు నేను చేతులు జోడిస్తాను.

మిగతా ఇంజన్లకు చప్పుడు ఒక ఎంగిలి, పని అయ్యాక బయట పారేసేది. నీకు చప్పుడే పనిముట్టు, చప్పుడే పనివాడు, చప్పుడే ద్వారపాలకుడు. వాటికి వాల్వులున్నాయి, వాల్వులను తట్టిలేపే క్యామ్‌లున్నాయి, మళ్ళీ మూసే స్ప్రింగులున్నాయి. నీకేమున్నాయి? పిస్టన్ దిగితే తలుపు తెరుచుకుంటుంది, ఎక్కితే మూసుకుంటుంది. తెరిచిన తలుపులోంచి కాలిన పొగతో పాటు కాలని పెట్రోల్ ఆవిరి కూడా పారిపోబోతే ఆపేదెవరు? నీ పాటే ఆపుతుంది! సైలెన్సర్ కడుపులో విచ్చుకునే గరాటును తాకిన అల పీల్పుగా తిరిగొచ్చి సిలిండర్‌ను ఊడ్చిపెడుతుంది. ముడుచుకునే గరాటును తాకిన అల తోపుగా తిరిగొచ్చి, గడప దాటబోతున్న తాజా ఆవిరిని లోపలికి నెడుతుంది. సరిగ్గా అప్పుడే తలుపు మూతపడుతుంది.

తూర్పు జర్మనీలోని త్షోపావ్ అనే ఊళ్ళో ఇంజనీరు వాల్టర్ కాడెన్ నీ ఈ రహస్యాన్ని పట్టుకున్నాడు. 1961లో ఆయన చేతి 125 సీసీ ఎమ్‌జెడ్ ఇంజన్ నిమిషానికి 10,800 చుట్లు తిరిగి 25 హార్స్‌పవర్ ఇచ్చింది. సెకనుకు 180 సార్లు అల వెళ్ళాలి, తాకాలి, తిరిగి రావాలి, తాళం తప్పకూడదు. నాదోపాసన అని మనవాళ్ళు అనేదాన్ని ఇనుప గొట్టంలో చేసి చూపిన మహానుభావుడు ఆయన.

నువ్వు గోడలు దాటావు, సముద్రాలు దాటావు. బెర్లిన్‌లో గోడ లేచిన ఆ ఏడాదే కాడెన్ రేసరు ఎర్న్‌స్ట్ డెగ్నర్ స్వీడన్ పందెం నుంచి ఇక ఇంటిముఖం పట్టలేదు. భార్యాబిడ్డలు కారు డిక్కీలో దాక్కుని సరిహద్దు దాటారు. ఆయన వెంట నీ విద్య సుజుకీ ఇంటికి చేరింది, మరుసటి ఏడాదే 50 సీసీ ప్రపంచ కిరీటమైంది. చేతి కింది విద్య చేజారిన కాడెన్‌ను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది. అయినా నీ ఎదుగుదలను చూసి మురియకుండా ఉండలేను. 1967 నాటి సుజుకీ 50 సీసీ రేసు బండికి రెండు సిలిండర్లు, 14 గేర్లు! ఒక్కో సిలిండర్‌లో పట్టేది ఐదు చెంచాల నీళ్ళు. ఆ ఐదు చెంచాల చోటులో ఎంత ఉరుము దాచావమ్మా!

ఆ దీపంతో వెలిగించిన వత్తే మా హోసూరుకు వచ్చింది. అంతకుముందే, 1980లో ఇద్దరు కూర్చునే మోపెడ్‌గా టీవీఎస్ 50 ఇక్కడ పుట్టింది. 1984లో సుజుకీ చెయ్యి కలిపి ఏఎక్స్ 100 తెచ్చింది. 1993లో షోగన్ లేచి నిలబడి అరిచినప్పుడు చంద్రచూడేశ్వరుడి కొండ కూడా చెవి ఒగ్గి ఉంటుంది.

విప్పి చూస్తే ఎంత నిరాడంబరవు, ఎంత అందగత్తెవు! పిస్టన్, కనెక్టింగ్ రాడ్, క్రాంక్: నీలో కదిలే ముఖ్యమైన అంగాలు ఈ మూడే. సిలిండర్‌ను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే లోపలి గోడలో కిటికీలు కనిపిస్తాయి, అంచులు నున్నగా తీర్చిన కిటికీలు. పిస్టన్ మీది రింగు గాడిలో గోటి మొనకన్నా చిన్న మేకు ఒకటి ఉంటుంది. రింగు తన గాడిలో తిరిగి, దాని కొనలు కిటికీలో చిక్కుకుని విరగకుండా కాచే మేకు అది. నీ ప్రాణమంతా ఆ చిన్న మేకు మీదే నిలిచి ఉందని తెలిసినప్పుడు నా కళ్ళు చెమర్చాయి.

నీ బంధుజనాన్నీ కొలుస్తాను. క్రాంక్ కదలక నిలిచి, సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో కలిసి గిరగిరా తిరిగిన తొలినాటి విమానాల నోమ్ ఇంజన్ నీ పెద్దమ్మ. ఆమె తాగింది ఆముదం! మన చేలగట్ల మీద ఎర్రని కొమ్మలతో ఊగే ఆముదపు చెట్టు నూనె. పెట్రోల్‌లో కరిగి పలచబడిపోదు, వేడికి ఓర్చుకుంటుంది, అందుకే ఆమెకు అంత ప్రీతి. నీ రేసు చెల్లెళ్ళూ ఆ నూనెనే తాగారు. ఎనిమిది సిలిండర్ల గుజ్జీ, ఆరు సిలిండర్ల హోండా, వాటి పేరు తలిస్తేనే ఒళ్ళు ఝల్లుమంటుంది. ఇక దూరమెందుకు, తళి దారి మీదే, బెలగొండపల్లి రన్‌వే పక్కన, తనేజా సంస్థ ఇటలీ వారి పి68 విమానాలు కట్టింది. రెక్కకొకటి చొప్పున లైకమింగ్ ఇంజన్లు, ఒక్కొక్కటి 200 హార్స్‌పవర్. నాలుగు సిలిండర్లు ఎదురెదురుగా పడుకుని, ఒకరి అదురును ఒకరు మింగుతూ పనిచేస్తాయి. సిలిండర్‌కు రెండేసి ప్లగ్గులు, ఒకటి అలిగినా ఇంకొకటి నిప్పు అందిస్తుంది. ఆ గంభీరమైన గొంతు నాకు గౌరవం. నీ గొంతు నాకు ప్రాణం.

పొగ నిబంధనలు వచ్చాయి, నీ కొత్త కాన్పులు ఆగిపోయాయి. ఆ నిబంధనల మీద నాకు కోపం లేదు. తళి గాలి తేటగా ఉండాలి, పిల్లల ఊపిరి చల్లగా ఉండాలి. కాని మిగిలిన నిన్ను తుక్కుకు వేసే చేతిని చూస్తే మాత్రం నాకు నిద్ర పట్టదు. రెండు సైలెన్సర్ల యెజ్డీని, జంట సిలిండర్ల రాజ్‌దూత్ 350ని, మా హోసూరు షోగన్‌ను ఇంకా కన్నబిడ్డల్లా సాకుతున్న మెకానిక్కులకు దండం! వాళ్ళు ప్లగ్గు రంగు చూసి నీ ఒంట్లో సంగతి చెబుతారు. కార్బురేటర్ స్క్రూను పావు చుట్టు తిప్పి, తల వాల్చి వింటారు, మళ్ళీ పిసరంత తిప్పుతారు.

రా తల్లీ, వాళ్ళ వేళ్ళ కింద మేలుకో! కిక్కుకు ఒక్క దగ్గు దగ్గి లే. సెకండ్ గేరులో సణుగు, థర్డ్‌లో సాగు, పవర్‌బ్యాండ్ అందిన ఆ క్షణాన సణుగుడంతా కేకగా మారి, ముందు చక్రం తేలిపోయి, భుజాలు వెనక్కి లాగి, నడిపేవాడి నోట ఉన్న మాటంతా గాలికి కొట్టుకుపోయేలా గర్జించు!